మూగవోయిన యంత్రము

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అను కంప్యూటరు వ్యవస్థకు మైక్రోసాఫ్టు సంస్థ చేయుచుండిన సాధారణ సంరక్షణ ముగిసినది. దాని తరువాతిదైన విండోస్ 11 నడువవలెనన్నచో కనీసము 4 జీబీల ర్యాము, 64 జీబీల నిల్వస్థలము, టీపీఎం 2.0 అను రక్షణ సాధనము, ఆ సంస్థ ఆమోదించిన పట్టికలోని ప్రాసెసరు ఉండవలెను. పాఠశాలలలోను, చిన్న కార్యాలయములలోను, బండల వర్తకుల దుకాణములలోను పది పన్నెండేండ్లుగా పనిచేయుచున్న బల్లమీది కంప్యూటర్లలో పెక్కు ఈ కొలతకు తూగవు. తూగనిదానిని పాతసామానుల వానికి తూచి యిచ్చివేయుట ఒక పద్ధతి. ర్యాము చేర్చి, పాత హార్డ్ డిస్కు తీసి ఎస్సెస్డీ పెట్టి, అవసరమైనచోట మదర్ బోర్డునే మార్చి, మరి నాలుగేండ్లు వాడుకొనుట వేరొక పద్ధతి. కరవుసీమలో రెండవదానికే మొగ్గు హెచ్చు. వాడుకలో దీనినే అప్ గ్రేడ్ అనుచున్నారు.

ఈ మెరుగుదలకు ఒక విచిత్ర లక్షణము కలదు. మెరుగుపరుపబోయిన యంత్రము, అంతవరకు మెల్లగానైనను నడచుచుండినది, మూత బిగించి మీట నొక్కిన క్షణమున ఉలుకక పలుకక కూర్చుండును. దీపము వెలుగదు. పంకా తిరుగదు. చేసినవాని ముఖమున నెత్తురు చుక్క యుండదు.

పెన్నయొడ్డున తాడిపత్రిలోని ఒకానొక ఉన్నత పాఠశాల కార్యాలయమును ఊహించుకొనవచ్చును. పేరు అనవసరము, ఇట్టి గది ఏ మండల కేంద్రమునందైనను ఉండునదే. పదవ తరగతి పరీక్షలకు నామినల్ రోల్సు పంపవలసిన గడువు దగ్గరపడినది. యంత్రము నత్తనడక నడచుచున్నదని కంప్యూటరు నేర్చిన పూర్వవిద్యార్థి యొకడు పిలువబడెను. అతడు కొత్త ర్యాము పలక యొకటి, ఎస్సెస్డీ యొకటి తెచ్చి, అరగంటలో అమర్చి, మీట నొక్కెను. యంత్రము లేవలేదు. గుమాస్తా ప్రధానోపాధ్యాయుని గదిలోనికి పోయి చెప్పు మాట ఎట్లుండునో ఆ ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు: “నిన్నటిదాకా బాగనే ఉండె సార్. ఆ పిల్లోడు చెయ్యి పెట్టినంకనే పోయింది.”

ఆ కుఱ్ఱవాని గుండెలో రాయి పడుటకు ఆ ఒక్క వాక్యము చాలును. తర్కశాస్త్రము చదివినవారు మాత్రము అచ్చట ఒక్క నిమిషము నిలువవలెను.

కాకి వచ్చి తాటిచెట్టుపై వ్రాలినది. అదే క్షణమున పండు రాలినది. చూచినవాడు కాకియే పండును రాల్చినదనును. పూర్వులు దీనికి కాకతాళీయ న్యాయమని పేరు పెట్టిరి. ఊరి పేరులోనే తాడిని ధరించిన తాడిపత్రిలో ఈ న్యాయము నెవరును మరువరాదు. ఒకదాని తరువాత ఒకటి జరిగినంత మాత్రమున మొదటిది రెండవదానికి కారణమని తేలదు. అట్లని కాదనియు తేలదు. పండు తొడిమ ముందే సడలి యుండి, కాకి బరువు చివరి నెపమై యుండవచ్చును. కాకికిని పండునకును ఏ సంబంధమును లేకపోవచ్చును. కాకి నిజముగనే ముక్కుతో పొడిచి యుండవచ్చును. ఈ మూడు అవకాశములును మూగవోయిన కంప్యూటరు విషయమునందును కలవు. ఏది నిజమో తేల్చుటకు పరీక్ష వలయును. పరీక్షకు ముందు యంత్రము మేల్కొను క్రమము తెలియవలెను.

గోడలోని 230 వోల్టుల ప్రవాహము మొదట పవర్ సప్లయి అను ఇనుప పెట్టెలో ప్రవేశించును. దాని వెనుక స్విచ్చి వేసియున్నంత కాలము, కంప్యూటరు నిద్రలో నున్నను, ఆ పెట్టె మదర్ బోర్డునకు 5 వోల్టుల చిన్న ధార నొకదానిని ఎడతెగక పంపుచునే యుండును. ఇంటివారందరు నిద్రించినను వాకిట కాపలావాడు మేల్కొనియున్నట్లు. ముందరి మీట నొక్కుటయనగా బోర్డు మీది రెండు ముళ్లను ఒక క్షణము కలుపుటయే. ఆ సూచన నందుకొని బోర్డు పవర్ సప్లయిలోని ఆకుపచ్చ తీగను నేల తీగతో కలుపును. అప్పుడు పెట్టె పూర్తిగా మేల్కొని 12, 5, 3.3 వోల్టుల ధారలను విడుచును. ఆ ధారలు నిలకడ చెందినవని తేలిన పిమ్మట, సెకనులో పదవ వంతు మొదలు సగము వరకు ఆగి, “శక్తి సిద్ధము” అను సంకేతమును పంపును. అది అందువరకు ప్రాసెసరునకు అడుగు వేయు అనుమతి లేదు. అందిన పిదప అది బయోస్ లోని మొదటి ఆజ్ఞను చదివి, ర్యామును, తెరను, తక్కిన అంగములను ఒక్కొక్కదానిని పలుకరించును. 1995లో ఇంటెల్ సంస్థ ప్రకటించిన ఏటీఎక్స్ అను ప్రమాణము ఈ పద్ధతికి మూలము. వివరములు మారినను నేటికిని బల్లమీది కంప్యూటర్లలో సాధారణముగ నడచుచున్న వరుస ఇదియే.

ఈ వరుస తెలిసినవానికి “ఆన్ కావడం లేదు” అను మాట చాలదు. ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు జబ్బులు దాగియున్నవి. యంత్రము బొత్తిగా ప్రాణము లేనట్లుండుట ఒకటి. మీట నొక్కగనే పంకా ఒక్క చుట్టు తిరిగి, ఎవరో గొంతు పట్టుకొన్నట్లు ఆగిపోవుట రెండవది. పంకాలు తిరుగుచు, దీపము వెలుగుచు, తెర మాత్రము చీకటిగ నుండుట మూడవది. మొదటిదానిలో శక్తి రాకయే యుండవచ్చును. రెండవదానిలో శక్తి వచ్చినది గాని, ఎచ్చటనో తీగ తీగతో తగులుటనో, అధికభారమునో కనిపెట్టి పవర్ సప్లయి తన్ను తాను మూసికొన్నది. మూడవదానిలో శక్తి విషయము చాలవరకు సవ్యమే. ర్యాము, ప్రాసెసరు, తెర తీగలలో వెదకవలెను. వైద్యుడు జ్వరమని విని వెంటనే మందీయడు గదా. ఎన్ని దినములనుండి, చలితోనా, చలి లేకయా అని యడుగును. కంప్యూటరు పాఠము చెప్పు ఉపాధ్యాయులు పిల్లలకు మొదట నేర్పదగినది ఈ ప్రశ్నలే. విడిభాగముల పేర్ల పట్టిక తరువాత నేర్పినను నష్టము లేదు.

బొత్తిగా ప్రాణము లేని యంత్రమునకు పరీక్ష గోడవద్ద ఆరంభము కావలెను. ఇది ఎంత అల్పమో అంత తరచుగ మరువబడును. యూపీఎస్ లోని బ్యాటరీ వయసు మీరి చచ్చి యుండవచ్చును. పొడిగింపు పెట్టెలోని రేకు వదులై యుండవచ్చును. పని చేయువారు జాగ్రత్తకై పవర్ సప్లయి వెనుకనున్న చిన్న స్విచ్చిని సున్న గుర్తు వైపునకు నొక్కి, మూత బిగించు సందడిలో తిరిగి వేయుట మరచి యుండవచ్చును. సెల్ ఫోను ఛార్జరునో, బల్లదీపమునో అదే రంధ్రములలో పెట్టి చూచినచో గోడ సంగతి తేలిపోవును. గంటసేపు బోర్డు విప్పి తలపట్టుకొన్న పిదప గోడ స్విచ్చి వేయలేదని కనుగొన్న పండితులు లేకపోలేదు.

గోడ మాట వచ్చినది గనుక నేల మాట కూడ చెప్పవలెను. మూడు ముళ్ల ప్లగ్గులో లావైన పై ముల్లు భూమిది. దానినుండి పోవు తీగ ఆవరణలో ఎచ్చటనో ఒక గోతిలోని లోహపు గొట్టమునకో, పలకకో చేరును. గోతిలో బొగ్గు, ఉప్పు వేసి, అప్పుడప్పుడు నీరు పోయుట మన దేశమున చిరకాలపు ఆచారము. మట్టి తడిగ నున్నంతవరకే అది విద్యుత్తును తనలోనికి తీసికొనును. ఎండినకొలది దాని నిరోధము పెరుగును. అనంతపురము జిల్లాలో సాలున సగటున కురియునది 550 మిల్లీమీటర్ల దాపు వర్షము. తాడిపత్రి చుట్టునున్నది బండనేల. కడప శిలాశ్రేణిలోని ఒక స్తరమునకు భూగర్భశాస్త్రజ్ఞులు తాడిపత్రి పేరే పెట్టిరి. సమీప ప్రాంతములందు తీయు నల్లని సున్నపురాతి పలకలు దేశమంతట ఇండ్ల నేలలపై పరువబడియున్నవి. ఇంటిలో పరచుకొనుటకు అంత చల్లనైన రాయి విద్యుత్తును ఇముడ్చుకొనుటకు మాత్రము మంచిది కాదు. బుగ్గ రామలింగేశ్వరుని ఆలయమున లింగము క్రింద నీరు ఊరుచునే యుండునని ప్రసిద్ధి. ఆ ఊట ఊరిలోని ఎర్తింగు గోతులకు లేదు గదా! మే మాసమున ఆ గోతిలో రెండు బిందెల నీరు పోయుట ఎవరి పని? ప్రధానోపాధ్యాయునిదా, అటెండరుదా, విద్యుత్తు శాఖదా? ఎవరిదియో నిర్ణయింపబడనిచోట అది ఎవరును చేయని పని యగును.

ఎర్తింగు చెడినంత మాత్రమున కంప్యూటరు ఆగిపోదు. ఆగిపోయినచో ఈ దోషము ఎన్నడో బయటపడెడిది. పవర్ సప్లయి ముఖద్వారమున వడపోత కొరకై పెట్టిన చిన్న కెపాసిటర్ల గుండ కొంత వోల్టేజి ఇనుప పెట్టె పైకి వచ్చుచుండును. నేల తీగ సరిగ నున్నచో అది అటే పోవును. లేనిచో పెట్టెపై చేయి వేసినవారికి జివ్వుమనును. “కొంచెం షాకు కొడుతుంది, అంతే” అని కొన్నిచోట్ల ఏండ్ల తరబడి సరిపెట్టుకొనుచుందురు. అట్టి పెట్టెలో కొత్త పలకను అమర్చుట, తెరను, ప్రింటరును తగిలించుట, తీయుట ప్రమాదకరము; సున్నితమైన భాగములగుండ ఆ విద్యుత్తు దారి వెదకికొనును. దీనికి తోడు పొడిగాలి. తేమ లేని దినములలో బట్టల రాపిడివలన దేహమున స్థిరవిద్యుత్తు నిలుచును. వేలికి చురుక్కుమనవలెనన్నచో సుమారు 3000 వోల్టులు కావలెనందురు. ర్యాము పలకమీది సూక్ష్మభాగములు చెడుటకు అందులో చిన్న వంతు చాలును. కావున చెరుపు జరిగినను చేసినవానికి తెలియదు. ప్లగ్గు తీసి, మీటను కొన్ని సెకనులు నొక్కి మిగిలిన శక్తిని ఖర్చుపరచి, పెట్టె ఇనుమును చేతితో తాకుచు పనిచేయుట అందుకే విధి. ప్లాస్టిక్ కుర్చీపై కూర్చుండి టెరిలిన్ చొక్కాతో చేయు శస్త్రచికిత్స కంటె, నల్లబండ నేలమీద చెప్పులు విడిచి కూర్చుండి చేయునది మేలు.

ఇక కుఱ్ఱవాని చేతి తప్పులేమైన నున్నవేమో చూడవలెను. అవి అనంతములు కావు. అలవాటుపడినవారు పది నిమిషములలో వానిని చుట్టిరాగలరు. ర్యాము పలక రెండు వైపుల కొక్కెములును టక్కుమని పడువరకు దిగవలెను. ఒక వైపు దిగి వేరొక వైపు వెంట్రుకవాసి లేచియున్నను యంత్రము పలుకదు. డీడీఆర్ 3, డీడీఆర్ 4 పలకల గంట్లు వేర్వేరు చోట్ల నుండును. ఒకదాని గూటిలో రెండవది పట్టదు. పట్టించితిమని గర్వించువాడు గూటిని విరుగగొట్టినవాడే. మదర్ బోర్డుకు 24 ముళ్ల పెద్ద ప్లగ్గు పెట్టిన తరువాత ప్రాసెసరు ప్రక్కన 4 లేక 8 ముళ్ల చిన్న ప్లగ్గు నొకదానిని వేరుగ పెట్టవలెను. 2000లో పెంటియం 4 వచ్చిన కాలమునుండి ఇది వాడుకలోనికి వచ్చెను. బోర్డు మార్చినవారు మరచువానిలో దీనికే అగ్రస్థానము. ముందరి మీటనుండి వచ్చు సన్నని తీగల జంట ఒక ముల్లు ప్రక్కకు జరిగినను ఎంత నొక్కినను పిలుపు లోపలికి పోదు. అప్పుడు ఆ రెండు ముళ్లను స్క్రూడ్రైవరు మొనతో ఒక్క క్షణము తాకించినచో యంత్రము లేచును. తప్పు మీటదనియో, తీగదనియో తేలును. బోర్డు క్రింద పాత బోర్డు కొలతకు బిగించిన ఇత్తడి కాలొకటి మిగిలిపోయి, కొత్త బోర్డు వీపున గుచ్చుకొని, పంకా ఒక చుట్టు తిరిగి ఆగుటకు కారణమగును. రాలిపడిన మరమేకు కూడ ఇదే పని చేయును.

గ్రాఫిక్స్ కార్డు పెట్టిన యంత్రములది వేరొక కథ. గూటిద్వారా దానికి లభించునది 75 వాట్లే. అంతకు మించి తినునది అయినచో 6 లేక 8 ముళ్ల వేరు ప్లగ్గు కావలెను. ఆఫీసు యంత్రములలోని చిన్న పవర్ సప్లయి ఈ కొత్త అల్లుని మేపలేదు. పెట్టెపై అచ్చొత్తిన వాట్ల సంఖ్యను నమ్ముటయు కష్టమే. చౌకరకములపై పెద్ద అంకెలు వ్రాయుటకు ఖర్చేమున్నది? ఇంకొకటి: కార్డు పెట్టిన తరువాత తెర తీగను పాత రంధ్రముననే వదలి, బొమ్మ రాలేదని విచారించువారు చాలమంది. వారి యంత్రము లోపల హాయిగ పనిచేయుచునే యుండును.

ఇవన్నియు సవ్యముగ నున్నను యంత్రము లేవనిచో ఏమి చేయవలెను? ఇచ్చటనే పూర్వుల వైద్యమునుండి ఒక మాట తెచ్చుకొనవచ్చును. ఆయుర్వేదమున రోగమును గుర్తించుటకు చెప్పిన ఐదు సాధనములలో ఉపశయము ఒకటి. రోగము పైకి తెలియక దాగియున్నప్పుడు ఒక ఔషధమునో, ఆహారమునో ఇచ్చి, దానివలన శమించెనా, హెచ్చెనా అని చూచి, దానినిబట్టి రోగమును నిశ్చయించుట. కంప్యూటరు మరమ్మతుదారులు ప్రతిదినమును చేయునది ఇదియే. కొత్త ర్యామును తీసి పాతదానిని మాత్రమే పెట్టి చూతురు. లేచినదా, కొత్తది గాని దాని అమరిక గాని దోషి. లేవలేదా, ఎస్సెస్డీని విప్పుదురు. తరువాత ప్రింటరు, యూఎస్బీ తీగలు, ఒక్కొక్కటిగ అన్నియు పోవును. చివరకు బోర్డు, ప్రాసెసరు, దాని పంకా, ఒక ర్యాము పలక, పవర్ సప్లయి మాత్రమే మిగులును. ఆ స్థితిలో లేచినదానికి ఒక్కొక్క అంగమును మరల చేర్చుచు, ఏది చేరగనే మూగపోవునో చూతురు. అది యుండగా జబ్బు ఉండుట, అది లేకుండగా జబ్బు లేకుండుట: తార్కికులు అన్వయ వ్యతిరేకములన్నది దీనినే. ఒక్కసారికి ఒక్కటే మార్చవలెనన్న నియమము మాత్రము తప్పరాదు. రెండు మార్చి బాగుచేసినవాడు యంత్రమును బాగుచేసినవాడే గాని, జబ్బును తెలిసికొన్నవాడు కాడు. మరునాడు అది తిరుగబెట్టినప్పుడు అతడు మొదటినుండి ఆరంభింపవలెను.

పాఠశాల యంత్రమునకు ఈ పరీక్షలన్నియు చేసిరనుకొనవచ్చును. పాత ర్యాము పెట్టినను లేవలేదు. ఎస్సెస్డీ తీసినను లేవలేదు. కుఱ్ఱవాడు ముట్టిన ప్రతిదానిని మునుపటి స్థితికి తెచ్చిన పిదపను అది మూగగనే యున్నది. గుమాస్తా వాదము బలపడినట్లే తోచును. ఇప్పుడు పవర్ సప్లయిని బోర్డునుండి విడదీసి, ప్లగ్గు తీసియుండగనే, దాని పెద్ద ప్లగ్గులోని ఆకుపచ్చ తీగ రంధ్రమును ఏదైన నల్ల తీగ రంధ్రముతో వంచిన తీగముక్కద్వారా కలిపి, పిమ్మట గోడ స్విచ్చి వేసి చూతురు. ఇది ఉపాధ్యాయుడు ప్రక్కనుండగా చేయవలసిన పని. పంకా తిరిగినచో ఆ పెట్టెకు ప్రాణమున్నదని తెలియును; బరువు మోయగలదని మాత్రము తెలియదు. ఇక్కడ పంకా తిరుగలేదు. దోషి దొరకెను. ఆ పెట్టెను అతడు విప్పలేదు, తాకలేదు. దాని ప్లగ్గును గోడనుండి తీసి, అరగంట తరువాత తిరిగి పెట్టెను. అంతమాత్రమే.

ఆ అరగంటలోనే ఉన్నది కీలకము. కార్యాలయపు గోడ స్విచ్చిని ఏండ్ల తరబడి ఎవరును ఆపలేదు. సాయంకాలము తెర మీదినుండి యంత్రమును నిద్రపుచ్చి యింటికి పోవుచుండిరి. 5 వోల్టుల కాపలా ధార మాత్రము రాత్రింబవళ్లు నడచుచునే యుండెను. దానిని నడపు మండలములోని చిన్న ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటరు లోపలి ద్రవము వేడికి మెల్లమెల్లగ ఆవిరియగుచుండును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినకొలది ఇట్టి కెపాసిటరు ఆయువు సగమగునని ఇంజనీర్ల స్థూలగణితము. తాడిపత్రి ఎండ వేసవిలో 40 డిగ్రీలు దాటును. బండలు కోసి నునుపుచేయు కర్మాగారముల పొడి పంకా రెక్కలపైనను, గాలి రంధ్రములలోను పేరుకొన్నచో పెట్టె లోపలి వేడి చెప్పనలవి కాదు. అట్లు క్షీణించిన కెపాసిటరు నడచుచున్నదానిని నడపగలదు. ఆగినదానిని తిరిగి లేపలేదు. ముసలియెద్దు కాడి క్రింద నడచునంతసేపు నడచును. ఒకసారి పండుకొన్నచో లేవలేదని సేద్యగాండ్రెరుగుదురు. మెరుగుపరుచుటవలన ఆ యంత్రము చావలేదు. మెరుగుపరుచుటకై ప్లగ్గు తీయవలసి వచ్చుటవలన, అంతకు ముందే చచ్చియున్న శక్తి బయటపడినది. ఊరిలో ఒక పగలు విద్యుత్తు ఆపి, యూపీఎస్ కూడ చాలించియున్నచో అదే ఫలితము కలిగెడిది; అప్పుడు నింద ఎవరిపైనను పడెడిది కాదు. కాకి వ్రాలిన మాట నిజమే. తొడిమ సడలి ఎంతకాలమైనదో కాకికేమి తెలియును?

ఇది కొత్త అనుభవము కాదు. 1946లో లోకమునకు వెల్లడియైన ఎనియాక్ అను అమెరికా దేశపు తొలినాటి ఎలక్ట్రానిక్ కంప్యూటరులో సుమారు 18,000 వాక్యూము ట్యూబులుండెను. అవి చెడుట ఎక్కువగ వేడెక్కునప్పుడును చల్లారునప్పుడును జరుగుచుండుటచే, వీలైనంతవరకు దానిని ఆపకయే యుంచిరి. ప్రతి యంత్రమునకు మేల్కొను క్షణమే గండము.

కారణము తెలిసిన పిదప చికిత్స సులభము: పవర్ సప్లయిని మార్చుట. దానిని విప్పి లోపలి కెపాసిటరును మార్చుట నేర్పరి పని. 230 వోల్టుల ప్రవాహము లోపల 325 వోల్టుల దాపు ఏకముఖ విద్యుత్తుగ మారి పెద్ద కెపాసిటర్లలో నిలుచును. ప్లగ్గు తీసిన తరువాత కూడ కొంతసేపు అది ప్రాణాంతకము. విద్యార్థులు ఆ పెట్టెను ఎట్టి పరిస్థితులలోను విప్పరాదు. తక్కిన కంప్యూటరంతయు విప్పవచ్చును, విప్పవలెను.

విప్పనిచ్చువారేరి? మన పాఠశాలలకు కంప్యూటర్లు చేర్చుటకై కేంద్రప్రభుత్వము ఐసీటీ పథకమును 2004లో ఆరంభించి, 2010లో సవరించెను. యంత్రములు వచ్చిన చోట్ల వానికి గది, గదికి తాళము, తాళమునకు బాధ్యుడు కూడ ఏర్పడిరి. చెడినచో సంజాయిషీ చెప్పవలసినవాడు పిల్లలను దూరముగ నుంచుట సహజమే. దోషము మనుష్యులలో కంటె లెక్కల పుస్తకములో హెచ్చుగ నున్నది: వాడక తుప్పుపట్టిన యంత్రమునకు ఎవరును జవాబు చెప్పనక్కరలేదు, వాడి చెరిపినదానికి చెప్పవలెను. ఇట్టి నియమము క్రింద ముట్టకుండుటయే వివేకమగును. పూర్వవిద్యార్థి ముట్టెను గనుక దొంగవలె నిలువబడవలసి వచ్చెను. పరీక్ష క్రమముగ చేసియుండనిచో అతడు తన చేతి డబ్బుతో కొత్త మదర్ బోర్డు కొని తెచ్చి, అదియు లేవక, రెండుసార్లు నష్టపోయెడివాడు. ఆ బోర్డు అమ్మినవానిని కూడ తిట్టియుండెడివారు.

దేశమున కంప్యూటరు విద్యకు పునాది వేసినవారు విప్పి చూచినవారే. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌నకు 1955లో ఇంగ్లాండునుండి హెచ్.ఈ.సి.-2ఎం అను యంత్రము వచ్చెను. మన దేశమున నెలకొన్న మొదటి డిజిటల్ కంప్యూటరు అదియే. దానిని నడిపి, చెడినప్పుడు బాగుచేసికొనుచు వచ్చినవారు ఆ సంస్థలోని ఇంజనీర్లు. హైదరాబాదున అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున 1967లో వెలసిన ఈసీఐఎల్ సంస్థ, ట్రాంబేలో రూపొందిన టీడీసీ-12 కంప్యూటరును 1969లో వెలువరించెను. పశ్చిమగోదావరినుండి వచ్చిన ఒక తెలుగు శాస్త్రజ్ఞుని చేతిమీదుగా ఇది జరుగుట తెలుగు విద్యార్థులకు పాఠముగ చెప్పదగినది, చెప్పువారు అరుదు. ఆనాటి యంత్రములకు పిలిచినంతనే వచ్చు మరమ్మతుదారు వీధి చివర లేడు.

పాడైన పాత పవర్ సప్లయిని చెత్తకుప్పలో వేయరాదు. 2022లో చేసి, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఈ-వ్యర్థముల నియమముల ప్రకారము అట్టివానిని నమోదైన పునశ్శుద్ధి సంస్థలకే చేర్చవలెను. దానిలోని సీసము పెన్న యిసుకలోనికి దిగినచో తాగునీటి బావులకు దూరమెంత?

కొత్త పెట్టె బిగించి, పాత ర్యాముతో ఒకసారి, కొత్తదానితో ఒకసారి లేపి చూచి, మూత వేసిన పిదప ఒక చిన్న పని మిగులును. బోర్డుమీద రూపాయి బిళ్లవలె నుండు సీఆర్ 2032 అను 3 వోల్టుల బ్యాటరీ యంత్రము గడియారమును నిలుపును. గోడ విద్యుత్తు లేని అరగంటలో, వయసు మీరిన బ్యాటరీ ఆ పని మానియుండును. యంత్రము లేచి, తన జన్మసంవత్సరమునే నేటి తేదీగ చూపును. తేదీ తప్పియున్నచో భద్రతాపత్రములు సరిపోలక ప్రభుత్వ వెబ్‌సైట్లు తెరువబడవు. అప్పుడు గుమాస్తా మరల ప్రధానోపాధ్యాయుని గదివైపు నడచును. బ్యాటరీ మార్చి, తేదీని సరిచేసి, ఆ తరువాతనే నామినల్ రోల్సు తెరువవలెను.